ఎందుకక్క కంప్యూటర్‌లో పాత పట్టిక

గ్రంథాలయంలో కొత్త పుస్తకాలను పట్టికకెక్కించే ఉద్యోగిని అసలు పేరు హాజరుపట్టీలో తప్ప ఎక్కడా వినపడదు. దేనికైనా కారణం తవ్వితీస్తే గాని ఆమెకు అన్నం సయించదు. అందుకే అందరూ ఎందుకక్క అంటారు.

ఆ నెల పట్టికను పాత సర్వర్ నుంచి కొత్తదానికి మార్చారు, పాతదాన్ని ఇంకా ఆపలేదు. రెండు వారాలకు కౌంటర్‌లో కూర్చునే అమ్మాయి వచ్చింది.

"అక్కా, కొత్త పుస్తకాలేవీ కనపడట్లేదంటున్నారు. ఎక్కించట్లేదా?"

"రోజుకి నలభై ఎక్కిస్తున్నా. ఇదిగో చూడు."

ఎందుకక్క తెరమీద అన్నీ ఉన్నాయి. కౌంటర్ తెరమీద ఒక్కటీ లేదు. రెండుచోట్లా కొట్టింది గ్రంథాలయం సైటు పేరే. ఆమెకు కోపం రాలేదు, ఆరాటం పట్టుకుంది. కంప్యూటర్లు బాగుచేసే అతన్ని పిలిపించింది.

"పేరు మన కోసమక్కా, యంత్రానికి అంకెలు కావాలి" అన్నాడతను. "ఏ పేరుకి ఏ అంకెలో బయటున్న డీఎన్ఎస్ అనే చిరునామాల చిట్టా చెబుతుంది. కానీ కంప్యూటర్ ముందు తన దగ్గరున్న హోస్ట్స్ ఫైల్ అనే చిన్న జాబితా చూసుకుంటుంది. అందులో దొరికితే ఇంకెవర్నీ అడగదు."

"అందులో ఉన్నది పాతబడితే?"

"అదే నిజమనుకుంటుంది."

ఫైల్ తెరిచాడు. పాత సర్వర్ అంకెలు, పక్కన గ్రంథాలయం పేరు. ఒకటే వరుస.

"ఇదెవరు రాశారు?" అనడిగాడు.

ఆమెకు గుర్తొచ్చింది. ఆరేళ్ళ కిందట డీఎన్ఎస్ మొరాయించిన రోజున, ఫోన్‌లో ఎవరో చెబుతుంటే అక్షరం అక్షరం కొట్టింది తానే.

"నేనే" అంది నవ్వుతూ. "ఆరోజు పని తొందరలో ఎందుకని అడగలేదు."

అతను ఆ వరుస చెరిపేసి, రెండు వారాల పుస్తకాలనూ కొత్త సర్వర్‌లోకి చేర్చాడు. ఈలోపు ఆమె ప్రశ్నల వాన కురిపించింది. "ఆ డీఎన్ఎస్‌కీ తెలియకపోతే?"

"తెలిసినవాళ్ళెక్కడున్నారో వాకబు చేస్తుంది. మిగతా కంప్యూటర్లు కూడా ఓసారి చూడక్కా" అంటూ సంచీ సర్దుకుని బయటపడ్డాడు.

మర్నాడు తొమ్మిది కంప్యూటర్లు వెతికింది. ఎక్కడా ఏమీ లేదు. పదోది పెద్దసారుది. అందులో ఒక చదరంగం ఆట సైటు పేరు, పక్కన వింత అంకెలు. అక్కణ్ణుంచే కంప్యూటర్లు బాగుచేసే అతనికి ఫోన్ చేసింది.

"ఆ అంకెలకి 'నేనే' అని అర్థమక్కా. ఆ పేరు కొడితే కంప్యూటర్ తన తలుపు తానే తట్టుకుంటుంది. ఆట తెరుచుకోదు. వ్యసనం మానుకోవాలని కొందరు వాళ్ళే రాసుకుంటారు."

ఎదుట పెద్దసారు కాగితాల్లోంచి తలెత్తకుండానే, "అది మాత్రం తీయకమ్మా" అన్నాడు మెల్లగా.

"అలాగే సార్" అని ఫైల్ మూసి, ఆమె పక్కగదిలోని కంప్యూటర్ చూడ్డానికి నడిచింది.