గ్లాసు కంటే ముందు ముఖం

నిన్న డోర్నకల్ స్టేషన్‌లో ఎవరి చేతిలోంచో గాజు గ్లాసు జారి భళ్లున పగిలింది. అల్లం చాయ్ వాసన గుప్పుమంది. అందరూ గాజుముక్కల వైపు చూశారు. నేను మాత్రం ఆ మనిషి ముఖం చూశాను. ఈ అలవాటు నాకు సబీహా డాక్టరమ్మ నుంచి వచ్చింది.

మాది పాలకుర్తి దగ్గర ఒకప్పటి దొరల కుటుంబం. గడి కూలింది, భూములు పోయాయి. మహబూబాబాద్‌లో అద్దె ఇంటికి చేరి నేను బడిలో లెక్కలు చెబుతున్నా, మా వెన్ను మాత్రం వంగలేదు. చాయ్ నచ్చకపోతే మా తాత గ్లాసు విసిరికొట్టేవాడని మా వాళ్లు ఇప్పటికీ గొప్పగా చెప్పుకుంటారు. అందుకే నాయిన చేతిలోంచి గ్లాసులు ఎగిరిపడడం మొదలైనప్పుడు ఎవరమూ భయపడలేదు. "దొర నెత్తురు ఊకుంటదా?" అని బాబాయి మురిసిపోయాడు. తర్వాత నాయినకు మరుపు వచ్చింది. ఎప్పుడో చనిపోయిన అమ్మ కోసం "ఇంక రాలేదా?" అని పూటపూటా అడిగేవాడు. గోడ మీద ఎవరో ఉన్నారని కేకలు పెట్టేవాడు. చివరికి పిచ్చాసుపత్రిలో చేర్పిస్తానని బాబాయి భూపాలపల్లి నుంచి కారు తెచ్చాడు.

పక్కింట్లో ఉండే డాక్టరమ్మ ఆ పొద్దున పిలవకుండానే వచ్చింది. ఆమె నరాల జబ్బులు చూసే డాక్టరు.

"జర ఆగున్రి. చాయ్ తాగి పోదురు."

"మా ఇంటి సంగతి నీకెందుకమ్మా?" అన్నాడు బాబాయి.

"మీ గ్లాసుల చప్పుడుకే రోజూ నాకు మెలుకువ అయితది. నాకు గాకుంటె ఎవలికి?"

నాయిన చేతికి చాయ్ ఇచ్చి ఎదురుగా కూర్చుంది. గ్లాసు ఎగిరింది. బాబాయి నేల చూశాడు, నేను గుడ్డ కోసం లేచాను. ఆమె నాయిన చెంపనే చూస్తోంది.

"చూసినవా బిడ్డా? చెయ్యి ఎగిరినప్పుడే గా పక్క మూతి గూడ వంకరవోయింది. కండ్లల్ల కోపం లేదు. దొరతనం మూతిని గుంజదు. గిది మెదడు వాపు."

రోగాల నుంచి ఒంటిని కాపాడాల్సిన శక్తే దారితప్పి, జ్ఞాపకాలను, భావాలను చూసుకునే మెదడు లోపలి భాగం మీద పడుతుందని చెప్పింది. దాన్ని అణిచే మందులున్నాయి. ఆలస్యమైతే పోయిన జ్ఞాపకం తిరిగి రాకపోవచ్చు.

"నీ మాట తప్పయితే?" అన్నాడు బాబాయి.

"తప్పయితే నేనే మీ కారు ఎక్కిస్త. ముందుగాల పరీక్షలు."

కారు వరంగల్ దవాఖానకు మళ్లింది. ముందు సీట్లో ఆమె కూర్చుంది. నెత్తురు, వెన్నునీటి పరీక్షలు ఆమె మాటే నిజమన్నాయి. మందులతో మొదట ఆ చేతి కుదుపులు ఆగాయి, తర్వాత గోడ మీది మనుషులు వెళ్లిపోయారు. ఒక సాయంత్రం నాయిన తనంతట తానే, "మీ అమ్మ పోయింది గదా," అన్నాడు. నాయిన మళ్లీ నాకు దక్కాడని ఏడుస్తూనే సంబరపడ్డాను.

ఆ వారమే డాక్టరమ్మ వచ్చింది. ఎంతటి అధికారి వచ్చినా కుర్చీలోంచి కదలని నాయిన లేచి నిలబడ్డాడు.

"కూసో డాక్టరమ్మా. నీ ముంగట నేను నిలబడాలె."

"నిలబడుడు ఎందుకు బాపూ? గ్లాసు పలగ్గొట్టకుంట చాయ్ తాగు, చాలు."

ఆమె ఇప్పుడు లేదు. నిన్న స్టేషన్‌లో నేను తేరిపార చూసిన ఆ మనిషి నవ్వాడు. "ఏందక్కా, గట్ల చూస్తున్నవ్? చెయ్యి కాలింది, గంతే." నా పక్కన నాయిన ఆఖరి గుక్క తాగాడు.

"చాయ్ ఏం బాగలేదు," అని గ్లాసును చప్పుడు లేకుండా బెంచీ మీద పెట్టాడు.