పలకని పిల్లలు

ఆయన్ని అందరూ మైకు మాస్టారు అంటారు. కన్నవాళ్ళు పెట్టిన పేరొకటి ఉందని కట్టుకున్న ఆవిడకైనా గుర్తుందో లేదో. పెద్ద బడిలో డ్రిల్లు మాస్టారుగా పనిచేసినన్నాళ్ళూ ఆయనకు ఈలతో పనిపడలేదు. మైదానం ఈ చివర నిలబడి ఒక్క కేక వేస్తే ఆ చివరి వరసలో పిల్లలు బిగుసుకుపోయేవాళ్ళు. పైగా ఆ గొంతు ఒక గొంతు కాదు. హెడ్మాస్టరులా దగ్గేవాడు, గుమాస్తాలా సణిగేవాడు, కూరలమ్మిలా అరిచేవాడు. స్టాఫు రూములో ఆయనుంటే మిగతావాళ్ళు కడుపు పట్టుకుని నవ్వడమే.

అలాంటి మనిషి రిటైరై ఇంట్లో కూర్చుంటే ఇల్లు నిలుస్తుందా? నెల తిరక్కుండానే భార్య చేతులెత్తేసింది. వెళ్ళి ఎవరికైనా పనికొచ్చే పని చెయ్యమంది. ఆయన వెళ్ళి చిన్న బడుల సంఘానికి కార్యదర్శి అయి కూర్చున్నాడు. సంఘమంటే మహా గొప్పదేం కాదు. సైకిలు షాపు వెనక గది, నాలుగు కుర్చీలు, వాటిలో ఒకటి కుంటిది. మేడల మీదా, అద్దె ఇళ్ళలోనూ, సందుల చివరా బడులు నడుపుకునే వాళ్ళంతా అక్కడికొచ్చి కష్టం చెప్పుకునేవాళ్ళు.

వాటిలో ఒక బడి ఆయన అక్కది. మొగుడు పోయాక ఆవిడ ఏ ఇంటికీ భారం కాకూడదని పరుపుల కొట్టు మీద మేడ అద్దెకు తీసుకుని పెట్టిన బడి. కింద దూది మూటలు, పీచు, పాత ఫోము ముక్కలు, దూది ఏకే యంత్రం రొద. పక్క సందులోంచి పైకి ఒకే ఒక్క మెట్ల వరస. మలుపు దగ్గర ఇద్దరు ఎదురుపడితే ఒకరు గోడకు అతుక్కుపోవాలి. పైన రెండు గదులు, ఆ పైన డాబా మీద ఒక రేకుల గది. తెల్లారకముందే పనులకు పోయే తల్లిదండ్రులు పిల్లల్ని అక్కడ వదిలి పోయేవాళ్ళు. పని దిగాకే వచ్చి తీసుకెళ్ళేవాళ్ళు. అంతసేపు పిల్లల్ని పెట్టుకునే బడి ఆ చుట్టుపక్కల ఇంకోటి లేదు.

మైకు మాస్టారుకు ఆ బడంటే ప్రాణం. ఎందుకో చెబితేగాని ఆ తర్వాత జరిగిందేదీ అర్థం కాదు. ఆయన కొడుకు కూతురు, ఇంట్లో అమ్మలు అని పిలుచుకునేది, బడి ఈడొచ్చినా నోరు విప్పలేదు. వినపడుతుంది, అన్నీ తెలుస్తాయి, మాట మాత్రం రాదు. మనవరాలి గొంతు కూడా తాతే వాడేసుకున్నాడని చుట్టాలు వేళాకోళం చేసేవాళ్ళు. పెద్ద పెద్ద బడుల వాళ్ళు పేరడిగితే అది ఫ్యానువంక చూస్తూ కూర్చునేది. వాళ్ళు తియ్యగా నవ్వి పంపించేసేవాళ్ళు. కోడలు మెట్లు దిగుతూనే కళ్ళు తుడుచుకునేది.

అక్క మాత్రం ఒక్క ప్రశ్న వెయ్యలేదు. రోజూ హాజరు పిలిచేటప్పుడు అందరితో పాటు దాని పేరూ పిలిచేది. పలికితే ఎంతసేపు పడుతుందో అంతసేపు ఆగేది. తర్వాత పేరుకు వెళ్ళేది. ఏడాది పాటు అంతే. ఒకనాడు పొద్దున పేరు పిలిచి ఆగితే, చిన్న గొంతుతో "ఉన్నా" అని వినిపించింది. అక్క చెప్పులైనా వేసుకోకుండా వీధిలోకి పరుగెత్తుకొచ్చింది. ఆ మాట విని మైకు మాస్టారు పరుపుల కొట్టు ముందు నిలబడి, నలుగురూ చూస్తున్నారన్న సిగ్గయినా లేకుండా ఏడ్చాడు. ఆ బడి మీద ఎవరు చెయ్యి వేసినా ఆ చెయ్యి ఉంచనని ఆనాడే అనుకున్నాడు.

సరిగ్గా అప్పుడే కొత్త చట్టం వచ్చింది. ప్రైవేటు బడులన్నిటికీ రెండు మెట్ల దారులుండాలట. ఒక్కో పిల్లకు ఇంతని జాగా ఉండాలట. మెట్లు కట్టుకోవడానికి కొంత గడువిస్తారు గానీ, జాగాకు మించి పిల్లలు కనిపిస్తే ఆ పూటే తాళం. ఆ లెక్కన అక్క బడిలో సగం మంది ఉండకూడనివాళ్ళే. ఆ సగంలో అమ్మలు ఒకతి.

ఇక చూడండి ఆయన తిరుగుడు! కాలికి బలపం కట్టుకున్నాడు. ఎక్కని ఆఫీసు లేదు, దిగని ఆఫీసు లేదు. చివరికి తనిఖీల అధికారిణి ఎదుట కూర్చున్నాడు. ఆవిడ రాక్షసేం కాదు, అదే వచ్చిన చిక్కు. ఆయన చెప్పిందంతా మధ్యలో అడ్డు రాకుండా విన్నది. మీరు తాళం వేస్తే ఈ పిల్లలు వీధిలో పడతారని ఆయన బల్ల గుద్ది చెప్పాడు. అప్పుడు ఆవిడ నెమ్మదిగా, "నిజమే మాస్టారూ. రెండో మెట్లు ఎందుకు అడుగుతున్నామో కూడా మీకు తెలుసు కదా?" అంది. ఆయన ఆ మాట దాటేసి గడువు సంగతి ఎత్తాడు. పట్టు వదల్లేదు. జాగాకూ గడువు కోసం సంఘం పెట్టుకున్న అర్జీ పైవాళ్ళు వింటారని కబురు తెప్పించుకునే బయటపడ్డాడు.

అది తేలేలోగా తనిఖీల జీపు తిరుగుతూనే ఉంది. ఇవాళ ఆ వీధిలో తాళం, రేపు ఈ వీధిలో తాళం. సంఘంలో వాళ్ళ మొహాల్లో నెత్తురు చుక్క లేదు. అప్పుడు మన మాస్టారు బుర్రలో ఒక ఆట మెరిసింది. ఆ మెరిసిన బుర్రను ఏమనాలో నాకు తెలియదు.

పలకని ఆట అని దానికి పేరు పెట్టాడు. గంట గబగబా మోగితే, లెక్కకు మించిన పిల్లలు పిల్లి అడుగులేసుకుంటూ రేకుల గదిలోకి పోవాలి. వాళ్ళలో పెద్దపిల్ల లోపలి గడియ పెట్టాలి. నోటి మీద వేలు. ఎవరు పిలిచినా పలకకూడదు. ఏం పేరు పెట్టి పిలిచినా, ఎంత ముద్దుగా పిలిచినా సరే. పెద్ద టీచరు, అంటే అక్క, స్వయంగా వచ్చి, కిటికీలోంచి ముఖం చూపించి, "ఇక పలకండి" అన్నాకే నోరు తెరవాలి. అప్పుడు అందరూ గెలిచినట్టు. కింద కొట్టు యజమానికీ పాఠం చెప్పాడు. ఆ రేకుల గదేమిటని ఎవరడిగినా, నా గోడౌనండీ అనాలి. ఆయన బుద్ధిగా తలూపాడు.

నేర్పడమంటే అలాంటిలాంటి నేర్పడమా? మైదానంలో కవాతు నేర్పినట్టు నేర్పాడు. తలుపవతల నిలబడి అధికారి గొంతుతో గద్దించాడు. పాలవాడి గొంతుతో పిలిచాడు. ఒకడి తల్లి గొంతుతో, ఒరే నాన్నా ఇంటికి పోదాం రారా అన్నాడు. పిల్లలు కిక్కురుమనలేదు. ఆఖరికి అచ్చం అక్క గొంతుతో, "ఇక పలకండి" అన్నాడు. లోపల ఇద్దరు ముగ్గురు నవ్వేశారు. వాళ్ళను కోప్పడి, గొంతు కాదర్రా, ముఖం చూడాలి ముఖం అని మళ్ళీ మొదటినుంచీ చేయించాడు. తర్వాత తన సొంత గొంతుతో అమ్మలూ అని పిలిచాడు. అది "తాతయ్యా" అంది. పుట్టిన తర్వాత మొదటిసారి దాన్ని కసిరాడు. తాతయ్య పిలిచినా పలకొద్దని చెప్పానా లేదా అని అరిచాడు. ఆ పిల్ల కళ్ళలో నీళ్ళు తిరిగాయి. మర్నాడు పిలిస్తే పలకలేదు. ఆయన పొంగిపోయాడు.

జీపు వచ్చింది. పిల్లల్ని లెక్కపెట్టుకుంది. వెళ్ళిపోయింది. పైన అంతమంది పిల్లలు ఉన్నారంటే ఎవరూ నమ్మరు, తుమ్ము కూడా వినిపించలేదు. సంఘంలో మైకు మాస్టారును భుజాల మీద ఎత్తుకోవడం ఒక్కటే తక్కువ. ఆట మిగతా బడులకూ పాకింది.

అక్క మాత్రం సంతోషించలేదు. ఆ సాయంత్రం పిల్లలంతా వెళ్ళాక బల్లలు సర్దుతూ, "ఒరేయ్, పిల్లలు మరీ బాగా నేర్చుకున్నార్రా. నాకు భయంగా ఉంది" అంది. హాజరు పిలిస్తే కొందరు వేలెత్తుతున్నారు గానీ నోరు విప్పడం లేదంది. నీదంతా చాదస్తమని ఆయన కొట్టిపారేశాడు. ఇంటికెళ్తే కోడలు అన్నం దగ్గర కూర్చుని అదే అంది. "మామయ్యా, అమ్మలు ఇంట్లో కూడా పిలిస్తే పలకడం లేదు. ముఖం చూసి గానీ మాట్లాడటం లేదు." ఆయన చెయ్యి కంచంలో ఆగిపోయింది. కానీ మర్నాడే అర్జీ మీద విచారణ. ఈ ఒక్క గండం గట్టెక్కితే ఆట మానేద్దామని తనకు తనే సర్దిచెప్పుకున్నాడు.

విచారణలో ఆయన మాట్లాడిన మాటలు ఆనాడు విన్నవాళ్ళు ఇప్పటికీ చెప్పుకుంటారు. ఆ గొంతుకు హాలు నిండిపోయింది. ఏడాది గడువిచ్చారు. అప్పటిదాకా ఏ చిన్న బడికీ తాళం వెయ్యకూడదన్నారు. మెట్ల మీదే జనం చేతులు పట్టుకుని ఊపేశారు. ఆ సందడిలోంచి బయటపడి ఫోను తెరిచి చూస్తే అన్నీ అక్క చేసిన కాల్సే.

తిరిగి చేస్తే, ఎత్తీ ఎత్తగానే ఆవిడ గుసగుసగా మాట్లాడింది. పొద్దునే జీపు వచ్చిందట. గంట కొట్టి పిల్లల్ని పైకి పంపిందట. వాళ్ళు కాగితాలు సరిగా లేవని ఆ పూటకు బడి ఆపించి, కింద మిగిలిన పిల్లల్ని చిన్న టీచరు వెంట ఇళ్ళకు పంపించి, ఈవిడను సంతకాలకని జీపులో ఎక్కించుకుని ఆఫీసుకు తెచ్చారట. అరగంటలో వచ్చేస్తానని అనుకుందట. వాళ్ళ ఎదుట పైకి వెళ్ళడానికీ లేక, నోరు విప్పడానికీ లేక ఇంతసేపూ కూర్చుందట. "పిల్లలు ఇంకా పైనే ఉన్నార్రా. నేను బయల్దేరుతున్నా. నువ్వు దగ్గరుంటావు, ముందు నువ్వు వెళ్ళు" అంది.

ఆయన ఆటో ఎక్కాడు. గెలిచిన కాగితం జేబులోనే ఉంది. ఎందుకో దాన్ని తడుముకోబుద్ధి కాలేదు.

సందు మొదట్లోనే ఆటో ఆగిపోయింది. జనం. ఫైరింజను. పరుపుల కొట్టు షట్టరు కిందినుంచి నల్లటి పొగ వస్తోంది. దూది ఏకే యంత్రం దగ్గర నిప్పురవ్వ పడిందట. మెట్ల దారంతా పొగ మూసేసింది. అది తప్ప వేరే దారి లేదు. పైన ఎవరైనా ఉన్నారా అని ఫైరువాళ్ళ పెద్ద అడుగుతున్నాడు. కొట్టు యజమాని నెత్తి బాదుకుంటూ, బడి వదిలేశారు బాబూ, పిల్లలు వెళ్ళిపోవడం కళ్ళారా చూశానన్నాడు. మరి ఆ పైన గదేమిటంటే, "నా గోడౌనండీ" అన్నాడు. పాపం, ఆ మనిషి అబద్ధమాడాలని ఆడలేదు. పిల్లలు ఇంకా పైనే ఉన్నట్టు అతనికి తెలియదు. నేర్చిన మాట నోటికొచ్చేసింది. దాంతో వాళ్ళు గొట్టాలన్నీ కొట్టు వైపు తిప్పారు.

మైకు మాస్టారు జనాన్ని తోసుకుంటూ వెళ్ళి ఫైరువాళ్ళ పెద్దను చెయ్యి పట్టుకుని ఆపాడు. మంటల కబురు విని వచ్చిన తనిఖీల జీపు డ్రైవరు పక్కనే నిలబడి వింటున్నాడు. విననీ. "ఉన్నారు. పైన పిల్లలున్నారు. మేమే దాచాం" అన్నాడు. ఆ మాటతో అక్క బడి అయిపోయిందని ఆయనకు తెలుసు.

ఫైరువాళ్ళ పెద్ద, చేతి మైకులో పిల్లలూ పిల్లలూ అని పిలిచాడు. జనమంతా నోరు మూసుకుని విన్నారు. పైనుంచి చప్పుడు లేదు. మళ్ళీ పిలిచాడు. ఏమీ లేదు.

"ఎవరూ పలకడం లేదే పెద్దాయనా? నిజంగా ఉన్నారా?"

"పలకరు బాబూ" అన్నాడు ఆయన. "పలకొద్దని నేర్పింది నేనే."

అంటూనే తల పైకెత్తి, జీవితంలో ఎన్నడూ వెయ్యనంత కేక వేశాడు. "అమ్మలూ! తలుపు తియ్యండర్రా, ఆట అయిపోయింది!" అక్క గొంతుతో ఇక పలకండి అన్నాడు. ఒక్కొక్కరి తల్లి గొంతుతో పిలిచాడు. పొగకు దగ్గొచ్చి గొంతు చీలిపోయేదాకా పిలిచాడు. లోపల వాళ్ళకు అవన్నీ వినిపించే ఉంటాయి. మాస్టారు మళ్ళీ పరీక్ష పెడుతున్నాడనుకుని ఇంకాస్త గట్టిగా బిగుసుకుని ఉంటారు.

ఫైరువాళ్ళు పక్కింటి డాబా మీదికి నిచ్చెన వేసి, అటునుంచి దూకి, రేకుల గది తలుపు గొడ్డలితో పగలగొట్టారు. గోడవారగా వరసలో కూర్చుని ఉన్నారట పిల్లలు, నోటి మీద వేళ్ళతో. ఇద్దరు ఒరిగిపోయి ఉన్నారు. వాళ్ళను ముందు దించి ఆంబులెన్సులో పడుకోబెట్టారు. మిగతావాళ్ళను ఒక్కొక్కరినే నిచ్చెన మీద చేతులు మార్చుకుంటూ కిందికి తెచ్చారు. దగ్గు వస్తే చప్పుడు రాకుండా అరచేత్తో నోరు నొక్కుకుంటున్నారు వాళ్ళు. చూస్తున్న ఆడవాళ్ళు గొల్లుమన్నారు.

అమ్మలును ఒకాయన భుజాన వేసుకుని తెచ్చి ఆయన ముందు దించాడు. మొహం నిండా మసి, కళ్ళు ఎర్రగా ఉబ్బిపోయి ఉన్నాయి, ఊపిరాడుతోంది. ఆయన మోకాళ్ళ మీద కూలబడి దాని రెండు చేతులూ పట్టుకున్నాడు. కేకలు వేసి వేసి ఆ గొంతులో గాలే మిగిలింది. ఆ గాలితోనే పేరు పెట్టి పిలిచాడు. అయిపోయిందమ్మా అన్నాడు, తప్పయిపోయిందమ్మా అన్నాడు, ఒక్కసారి తాతయ్యా అను అన్నాడు.

ఆ పిల్ల ఆయన్ని చూసింది. పెదవులు బిగించుకుని, ఆయన భుజం మీదుగా జనంలోకి, పెద్ద టీచరు ముఖం కోసం వెతుక్కుంటోంది.