ఎవరి వైపు నుంచి వచ్చింది?

మొన్న అబిడ్స్‌లోని మా క్లినిక్‌కి ఒక పెద్దావిడ, మాటలు రాని నాలుగేళ్ల మనవణ్ణి, వాడి తల్లిని వెంటబెట్టుకుని వచ్చింది. పిల్లల మానసిక సమస్యలకు జన్యువుల్లో మూలాలు వెతకడమే నా పని కనుక, వాడి రక్తంతో పాటు తల్లిదండ్రుల రక్తం కూడా పరీక్షించాలన్నాను. ఆవిడ కోడలి వంక ఓరగా చూసి, "ఎవరి దిక్కు నుంచి వచ్చిందో గదొక్కటి జర చెప్పున్రి డాక్టరమ్మా" అంది. కోడలు తల వంచుకుంది. నాకు ఒళ్లు మండింది, వెంటనే మా అమ్మ గుర్తొచ్చింది.

నా చిన్నతనంలో మేం నాంపల్లి స్టేషన్ వెనక సందులో కిరాయికి ఉండేవాళ్లం. తమ్ముడికి మాటలు రాలేదు, పిలిస్తే తిరిగి చూసేవాడు కాదు, ఇంజను కూత వినపడితే చాలు చెవులు మూసుకుని ఊగుతూ కూర్చునేవాడు. మెదక్ నుంచి కోడలిగా వచ్చిన అమ్మ రక్తంలోనే ఏదో ఉందని నాయనమ్మ తేల్చేసింది. ఆదివారం ప్రార్థన అయ్యాక చర్చి ఆవరణలో ఆడవాళ్లు పసిపిల్లల్ని ఒకరి చేతుల్లోంచి ఒకరు అందుకుని ముద్దు చేస్తుంటే, అమ్మ వంతు వచ్చేసరికి అందరికీ ఇంటికి వెళ్లే తొందర పుట్టుకొచ్చేది. అమ్మ ఏమీ ఎరగనట్టు తమ్ముడి చొక్కా గుండీలు సర్దేది. గురువారాలు మాత్రం నాయనమ్మకు తెలియకుండా వాణ్ణి నాంపల్లి దర్గాకు తీసుకెళ్లి, యేసయ్యకు కోపం రాకూడదని తోవంతా ప్రార్థన చేసుకుంటూనే, నెమలీకల కట్టతో వాడి తల తట్టించుకొచ్చేది.

నేను డాక్టర్నై ఈ పరిశోధనలోకి దిగింది, నిజం చెప్పాలంటే, నాయనమ్మకు జవాబు చెప్పడానికే. జవాబు దొరికేసరికి నా జుట్టు నెరిసింది, నాయనమ్మ పోయింది, నాన్నా పోయాడు. ఆయన ఉండగా తీసి దాచిన రక్తం మాత్రం మిగిలింది. క్రితం నెల ముగ్గురి పరీక్షా పూర్తయింది. తమ్ముడి జన్యువులో కనిపించిన మార్పు అమ్మలో లేదు, నాన్నలోనూ లేదు. అది వాడితోనే కొత్తగా మొదలైంది.

ఆ కబురు మోసుకుని అమ్మ దగ్గరికి పరుగెత్తాను. సంతోషిస్తుందనుకున్నాను. ఆమె తమ్ముడి వైపు చూసి, "గట్లంటె, నేను ఎత్తుకున్నా పిల్లలకు ఏం కాకపోతుండెనా బిడ్డా?" అని అడిగింది.

నా కూతురు పుట్టినప్పుడు నడుము నొప్పని చెప్పి అమ్మ దాన్ని ఒక్కసారి కూడా ఎత్తుకోలేదు. డాక్టర్ని కదా, మాత్రలు రాసిచ్చాను.

ఆ రోజుల్లో ఎవరికీ ఏమీ తెలియకపోయినా నింద మోయడానికి ఒక కోడలు దొరికేది. ఇప్పుడు అన్నీ తెలుసుకునే యంత్రాలు వచ్చాయి, ఆ నింద మాత్రం ఇంకా కోడలి కోసమే కాచుకుని ఉంది. వచ్చే వారం ఆ పిల్లవాడి ఫలితం చెప్పాలి. అది తల్లి వైపు నుంచే వచ్చిందని తేలితే ఆ పెద్దావిడ ముందు ఏ ముఖంతో నోరు విప్పాలో తెలియడం లేదు. ఇంట్లో నా కూతురికి పుట్టిన పసిది ఊయలలో కేరింతలు కొడుతోంది. దాన్ని ఎత్తుకుని అమ్మ దగ్గరికి తీసుకెళ్లాను. ఆమె ఆశగా చేతులు చాచి, వయసు మీదపడి మంచినీళ్ల గ్లాసు పట్టుకున్నా వణికే ఆ చేతుల్ని ఒకసారి చూసుకుని, మెల్లగా వెనక్కి తీసుకుంది.