నాయనమ్మ చూసిన సముద్రం

ఇయ్యాల మా బాబాయి కొత్త కారులో నాయనమ్మని సూర్యలంక బీచికి తీసుకెళ్లాడు. నేనూ వెళ్లా. నాయనమ్మ పుట్టిన కాణ్ణుంచి సముద్రం చూళ్లేదు. మిరప కళ్లంలో రంగు పోయిన తాలుకాయలు ఏరే పనికి ఇయ్యాల రానని చెప్పేసి, చర్చికి కట్టుకునే తెల్లచీర కట్టుకుంది.

అక్కడ దిగంగానే బాబాయి నాయనమ్మని కారు పక్కన నిలబెట్టి, భుజమ్మీద చెయ్యేసి, నా చేత ఫొటోలు తీయించాడు. అది అవ్వగానే నాయనమ్మ చెప్పులు విప్పి కుచ్చిళ్లు ఎత్తి పట్టుకుంది.

"ఎక్కడికమ్మా?"

"కాళ్లు తడుపుకొని వస్తా అయ్యా."

"వద్దులేమ్మా. సీట్ల మీద కవర్లు కూడా ఇంకా తియ్యలా. ఇసకంతా కారులోకి వచ్చుద్ది. ఎక్కు ఎక్కు, ఎండగా ఉంది."

 నాయనమ్మ మళ్లీ చెప్పులేసుకుని ఎక్కి కూర్చుంది. ఇసక నేను తుడుస్తాలే బాబాయ్ అందామనుకున్నా. అనకుండానే నేనూ ఎక్కా. నేనెప్పుడూ ఇంతే.

ఇంటికొచ్చేసరికి బాబాయి ఫొటో పెట్టేశాడు, "అమ్మతో సముద్రం దగ్గర సరదాగా" అని. కింద కామెంట్లలో అందరూ దండాలు, హార్టులు. ఇట్టాంటి కొడుకు ఇంటికొకడు ఉండాలంట.

నాయనమ్మ నా ఫోన్ తీసుకుని కళ్ల దగ్గర పెట్టుకుని చాలాసేపు చూసింది.

"ఇందులో సముద్రం పడిందంట్రా?" అంది.

పడలా. కారు పడింది, నంబర్ ప్లేటుతో సహా.

హార్టులు పెట్టినోళ్లలో మీరూ ఉన్నారుగా. నాయనమ్మకి ఏం చెప్పమంటారో మీరే చెప్పండి.