విమలకుమారి తుడిచిన రికార్డులు

అమెరికాలో మా క్యారీ ఊరి తెలుగు చర్చిలో చెప్పుకుంటున్నది నిజం కాదు. విమలకుమారి తన భర్త జర్మన్ పాటల రికార్డుల్ని లోకసంబంధమైనవని, పాపమని, కోపంతో పాడుచేసిందట. ఆ చర్చికే వచ్చే ప్రిస్సిల్లా అయితే బ్యాక్‌యార్డ్‌లో కాల్చేసిందని కూడా కలిపింది. కాల్చలేదు, పగలగొట్టలేదు. తుడిచింది, అంతే.

ఆమె భర్త రత్నరాజు రాజమండ్రి లూథరన్ చర్చిలో పాడుతూ పెరిగిన మనిషి. ఇక్కడ మందుల కంపెనీలో ఉద్యోగం, ఆదివారం చర్చి క్వయర్‌లో టెనర్, అంటే మగవాళ్ళలో హెచ్చు స్థాయి గొంతు. ఆయన పై స్థాయి అందుకుంటే వెనక బెంచీల్లో ఏడ్చే పిల్లలు కూడా నోరు మూసుకునేవాళ్ళు. పక్కింటి జర్మన్ ముసలావిడకి గడ్డి కోసిపెట్టేవాడు. ఆవిడ పోతూ పోతూ తన తండ్రి నాటి గ్రామఫోను, ఒక పెట్టెడు నల్లటి రికార్డులు ఆయనకిమ్మని చెప్పి పోయింది. అన్నిట్లోనూ ఒకడే గాయకుడు, ఆయనా టెనరే. ఇటలీవాళ్ళ ఒపెరాల్ని, అంటే సంగీత నాటకాల్ని, జర్మన్‌లో పాడాడు.

"మనం మిషనరీల పాటల్ని తెలుగులో పాడుకోలేదూ, ఇదీ అంతే," అని రత్నరాజు తెగ మురిసిపోయేవాడు. ఒక్క ముక్క అర్థం కాకపోయినా ఆ గొంతు వెనకాలే గొంతు కలిపేవాడు.

తర్వాత గొంతులో క్యాన్సర్ వచ్చింది. ప్రాణం దక్కాలంటే స్వరపేటిక తీసెయ్యాలన్నారు, తీసేశారు. ఇప్పుడు మెడ మధ్యలో ఉన్న చిల్లులోంచే ఊపిరి. మెడకి ఆనించి మాట్లాడే మిషన్ ఒకటి ఇచ్చారుగానీ, ఆయన దాన్ని సొరుగులో పడేశాడు.

"డాడీ, ప్లీజ్, ఒక్కసారి ట్రై చెయ్. నా కోసం," అని కూతురు షారన్ తన అమెరికా యాసలో బతిమాలింది. ఆయన తల అడ్డంగా ఊపాడు. చర్చికీ మానేశాడు. రోజూ మధ్యాహ్నం రికార్డు పెట్టుకుని, ఆ టెనర్‌తో పాటు పెదవులు కదిపేవాడు. ఆ కాసేపే ఆయన ముఖంలో పాత రత్నరాజు కనిపించేవాడు. విమల వంటింట్లోంచి తొంగి చూసి ఊపిరి పీల్చుకునేది.

విమల ముసలివాళ్ళ హోమ్‌లో నర్సు. చిల్లులోకి దుమ్ము పోకూడదని డాక్టరు చెప్పినప్పటినుంచి ఆమె చేతిలోంచి స్పిరిట్ సీసా దిగలేదు. కళ్ళజోడు, రిమోట్, తలుపు పిడి, చివరికి బైబిల్ అట్ట కూడా తుడిచేది. ఆయన్ని షారన్ చెకప్‌కి తీసుకెళ్ళిన రోజున ఆ పెట్టె మీద ఆమె కన్ను పడింది. ఒక రికార్డు తుడిస్తే గుడ్డకి నల్లగా అంటింది. ఎంత మురికి మింగుతున్నాడో ఈయన అనుకుంది. ఇంకా తుడిచింది, ఇంకా నలుపు. వదులుతోంది మురికి కాదు, లక్కతో చేసిన ఆ పాతకాలపు రికార్డే స్పిరిట్‌కి కరిగిపోతోందని ఆమెకెలా తెలుస్తుంది? పెట్టె మొత్తం తుడిచి, ఆరబెట్టి, వరుసగా సర్దింది.

ఆయన వచ్చి రికార్డు పెట్టాడు. బరబరమని గీరుడు తప్ప ఇంకేం లేదు. సూది మార్చాడు. ఇంకోటి పెట్టాడు. అదీ అంతే. మూడోది ముక్కు దగ్గర పెట్టుకుని ఆగాడు. ఆపరేషన్ తర్వాత వాసన సరిగ్గా తెలియట్లేదాయనకి. వేలితో రుద్దాడు, నలుపంటిన ఆ వేలు విమలకి చూపించాడు.

"దుమ్మండీ," అంది విమల. "మీ గొంతులోకి పోతుందని..." ఏం చెయ్యాలో తెలియక, చేతిలో గుడ్డతో గ్రామఫోను మూతే తుడుస్తూ నిలబడింది.

రత్నరాజు సొరుగు తెరిచి మిషన్ తీశాడు. మెడకి ఆనించాడు.

"ఇంక తుడవకు, విమలా."

ఎత్తూ పల్లమూ లేని గొంతు, లిఫ్ట్‌లో అంతస్తు చెప్పే గొంతులాంటిది. తిట్టాడో, జాలిపడ్డాడో అందులో తెలియదు. ఆపరేషన్ తర్వాత విమల విన్న మొదటి మాట అదే, ఇప్పటికి ఆఖరిదీ అదే. మిషన్ మళ్ళీ సొరుగులోకి పోయింది.

షారన్ ఇంటర్నెట్ అంతా గాలించింది. అవే పాటలు పాడినవాళ్ళు బోలెడుమంది ఉన్నారుగానీ ఆ గొంతు మాత్రం దొరకలేదు. రత్నరాజు ఇప్పటికీ మధ్యాహ్నం రికార్డు పెడతాడు. గీరుడు వింటూ కూర్చుంటాడు. పెదవులు కదలవు. క్యాన్సర్ మళ్ళీ వచ్చిందేమో చూసే స్కాన్‌కి రమ్మంటే తల అడ్డంగా ఊపుతున్నాడు. విమల ఆయన పక్కన కుర్చీ వేసుకుని ఆ గీరుడంతా వింటుంది, లేచి వెళ్ళే ధైర్యం లేక.

అందుకని, క్యారీలో ఉన్నవాళ్ళు, ముఖ్యంగా క్వయర్‌వాళ్ళు, ఒకసారి వెళ్ళి చూడండి. ఫోన్ చెయ్యకండి, ఎత్తినా ఏం చెప్పగలడు? బెల్ కొట్టండి. విమల మీ చేతుల్లో స్పిరిట్ పోస్తుంది, కాదనకుండా రుద్దుకోండి. ఆయన పక్కన కూర్చుని, స్కాన్‌కి మేం తీసుకెళ్తాం రండి అనండి. ఎలా ఉన్నాడో చూసి రండి.