డానియేలు కొలీగులు

బార్కస్‌లో ఉండే డానియేలు పదో తరగతి ఏడో దండయాత్రలో పాసయ్యాడు. ఇంగ్లీషులో సరిగ్గా ముప్పై అయిదు మార్కులు. ఆ తర్వాత పదకొండేళ్లు రోజుకూలీ చేసి, నీళ్ల ఆఫీసులో పర్మినెంటు లైన్‌మన్ అయ్యాడు. పాతబస్తీలో నలభై రెండు గల్లీలకు వాల్వు తిప్పి నీళ్లు వదిలే చెయ్యి అతనిదే. ఏ మూత కింద ఏ వాల్వుందో కళ్లు మూసుకుని చెబుతాడు. ఇన్ని ఘనతలున్న మనిషికి పిచ్చి ఒక్కటే: కంటపడ్డ ప్రతివాళ్లూ అతనికి కొలీగే.

పెద్ద ఇంజనీరు కొలీగ్. పత్తర్‌గట్టిలో చాయ్ పోసే బబ్లూ కొలీగ్. వాల్వు మూత మీద పడుకున్న బర్రెను కూడా "జరుగు కొలీగ్, నీళ్ల టైమైంది" అని బతిమాలాడు. బర్రె లేచింది కూడా.

మేనేజరు విమలాదేవికి ఇది ఒళ్లుమంట. తనిఖీకొచ్చిన పెద్ద ఇంజనీరుకు డానియేలు ఆమెను చూపించి "మా కొలీగ్ సార్, మస్తు పనిజేస్తది" అన్న రోజు లోపలికి పిలిచింది.

"కొలీగంటే ఈక్వల్ ర్యాంకు, డానియేలూ. సమాన హోదా. నువ్వూ నేనూ ఒకటేనా?"

"ఫికర్ జెయ్యకుండ్రి మేడం. మిమ్ముల నేనెప్పుడన్న తక్కువ జూసిన్నా?"

నవంబరు మొదట్లో, ఆఫీసు ఊడ్చే చంద్రమ్మకు కంటి ఆపరేషను పడింది. పన్నెండు రోజులు దుమ్ములోకి పోవద్దన్నాడు డాక్టరు. ఆమెది ఔట్‌సోర్సింగ్ కొలువు, సెలవుల్లేవు. బదులు మనిషిని చూపించకపోతే ఇంకొకరిని పెట్టుకుంటానన్నాడు కాంట్రాక్టరు. చంద్రమ్మకు ఎవరూ దొరకలేదు.

ఆ సాయంత్రమే డానియేలు పన్నెండు రోజుల సెలవు చీటీ పెట్టాడు.

"ఏడికి పోతున్నవ్?" అంది విమలాదేవి.

"ఏడికి పోత మేడం, గీ ఆఫీసే ఊడుస్త. చంద్రమ్మ బదులు నా పేరు రాసి పంపుండ్రి."

"మరి నీళ్లెవరు వదుల్తరు?"

"పక్క సెక్షన్ లైన్‌మన్ గుండయ్యకు అప్పజెప్పిన. ఆయన గూడ కొలీగే."

"పర్మినెంటోనివి, చీపురు వడ్తవా? నలుగురు ఏమంటరు?"

"ఏమంటరు? కొలీగ్ డ్యూటీ కొలీగ్ జేస్తున్నడంటరు."

విమలాదేవి దగ్గర దీనికి రూలు లేదు. సంతకం పెట్టింది.

మర్నాడు పొద్దున ఆమె కుర్చీలో కూర్చునేసరికి, సెలవులో ఉన్న మనిషి ఆమె టేబులు కింద తడిగుడ్డ పెడుతున్నాడు.

"జర కాళ్లు లేపుండ్రి, కొలీగ్."

మేనేజరు రెండు కాళ్లూ లేపింది. నేల ఆరాక తనే లేచి వెళ్లి, సుద్దముక్క తీసుకుని నోటీసు బోర్డు మీద నలుగురికీ కనిపించేలా రాసింది:

"డానియేలు గారు, లైన్‌మన్. సెలవులో ఉన్నారు. తిరిగి డ్యూటీకి వచ్చేది: నవంబరు 18, మంగళవారం."