కళ్ళకద్దుకునే జట్టు

మా మనవడు ఈమధ్య కొనుక్కున్న బంతి వసారాలో దొర్లినప్పుడల్లా రబ్బరు వాసన వేస్తుంది గానీ, నా ముక్కు మాత్రం అందులో కొబ్బరినూనె పట్టించిన తోలు వాసన కోసం వెతుక్కుంటుంది.

ఆ వాసన గుడివాడలో మా చిన్నప్పటి బియ్యం మిల్లుది. నాన్నగారు అక్కడ గుమాస్తా కావడంతో మిల్లు ఆవరణలోనే ఉండేవాళ్ళం. ఉడికిన ధాన్యం ఆవిరీ, ఊక పొగా, తడి గోనెల ముతక వాసనా పిలవకుండానే మా గుమ్మంలోకి వచ్చి కూర్చునేవి. షావుకారుగారు ఒకసారి బందరు వెళ్ళి, అక్కడి కాలేజీ కుర్రాళ్ళు గంపలోకి బంతి వేసే ఆట ఆడుతుంటే చూసి ముచ్చటపడి, తన మిల్లుకీ ఒక జట్టు ఉండాలని పొడుగాటి కుర్రాళ్ళని ఏరి తెచ్చి, గుమాస్తాలన్న పేరుతో జీతమిచ్చి పెట్టుకున్నారు. పొద్దున బస్తాలు చూసుకోవడం, ఎండ చల్లబడ్డాక ధాన్యం ఆరబోసే కళ్ళంలో కొబ్బరినూనె పట్టించిన తోలుబంతితో ఆట. జీతం దేనికో అందరికీ తెలుసు. మా బాబాయి అలా వచ్చినవాడే. ఆట కాగానే చెమట తుడుచుకుంటూ వచ్చి, అమ్మ పెట్టిన సున్నుండ కొరుకుతూ నా చేత పలక మీద అక్షరాలు దిద్దించేవాడు. ఆడపిల్లని బడికి పంపని ఇల్లు మాది. బాబాయే నా బడి.

ఇనప చట్రాలు దొరక్క, వెదురుగంపలకి అడుగు కోసి గుంజలకి కట్టారు. అందరం మామ్మగారని పిలిచే షావుకారుగారి తల్లి అది చూశారు.

“ఏరా, అడుగులేని గంప ధాన్యం మీద వేలాడగడతావా? లక్ష్మి నిలుస్తుందిట్రా?”

“ఆటేనమ్మా అది.”

“ఆటకి మాత్రం అడుగెందుకుండకూడదూ?”

మర్నాటికి గంపలకి అడుగులు వచ్చాయి. బంతి పడ్డప్పుడల్లా నిచ్చెనేసి దింపాలి. “దింపండర్రా కొబ్బరికాయ!” అని ఊరంతా ఎగతాళి. షావుకారుగారికి తల కొట్టేసినట్టయి, దసరా వెళ్ళాక జట్టు ఎత్తేస్తానన్నారు. బాబాయి ట్రంకుపెట్టె సర్దుకున్నాడు. నాకింకా వత్తులైనా రాలేదు.

ఆ దిగులుతోనే మర దగ్గర నిలబడ్డాను. మామ్మగారు రోజూ ధాన్యం పోసే ముందు, మర నెత్తినుండే పెద్ద గరాటుకి పసుపూ కుంకుమా పెట్టేవారు.

“మామ్మగారూ, దీనికీ అడుగు లేదు కదండీ? లక్ష్మి వెళ్ళిపోదూ?” అన్నాను. తెలివికి కాదు, నిజంగా తెలియకే.

“పడితేనే కదుటే బియ్యమయ్యేదీ!” అన్న ఆవిడ, కుంకుమ వేలు అలాగే పట్టుకుని గరాటుకేసి చూసి, నవ్వేసి కొడుకుని కేకేశారు. “ఒరేయ్ అబ్బాయ్, ఆ అడుగులు తీయించు. కింద పడ్డ బంతిని కళ్ళకద్దుకోకపోతే మాత్రం ఊరుకోను!”

బాబాయి పెట్టె మళ్ళీ మంచం కిందకి చేరింది. ఆనాటినుంచి గంపలోంచి బంతి జారితే చాలు, మా వాళ్ళు కళ్ళకద్దుకునే ఆడేవారు. బందరు వెళ్ళి పోటీ ఆడినప్పుడు అక్కడి జనం, “ప్రసాదం మాకూ పెట్టండి బావా!” అని అరిస్తే, “నైవేద్యం అవనీ బావా!” అంటూ బాబాయి ఇంకోటి వేశాడట.

యుద్ధం రోజుల్లో మిల్లుకి ధాన్యం తగ్గి, జట్టు చెదిరిపోయింది. అప్పటికి నేను అమ్మకి పురాణం చదివి వినిపిస్తున్నాను. ఆ భాగ్యం ఎవరి చేతులమీదుగా ఇచ్చాడో ఆ దేవుడికి తెలుసు.

ఇప్పుడు మిల్లూ లేదు, కళ్ళమూ లేదు, బాబాయీ లేడు. బంతి దొర్లి నా కాళ్ళ దగ్గరికొస్తే తీసి కళ్ళకద్దుకుంటాను.

“బంతికి దండమేంటి అమ్మమ్మా!” అని నవ్వుతాడు మనవడు.

“పడిందిగా నాన్నా,” అని అందిస్తాను.